45 రోజుల కుక్కపిల్ల రాత్రంతా ఏడుస్తోంది: క్రేట్ ఎక్కడ పెట్టాలి, ఎలా అలవాటు చేయాలి?

మీ లాబ్రడార్ పిల్లకు 45 రోజులు. ఇంటికి తెచ్చి నాలుగు రాత్రులయింది. క్రేట్, అంటే పిల్ల పడుకునే తలుపున్న ఊచల పెట్టె, హాల్లో ఉంది, మీరు పడకగదిలో తలుపు వేసుకుని పడుకుంటున్నారు. పదకొండింటికి మొదలుపెట్టి రెండింటిదాకా ఏడుస్తోంది. కింది ఫ్లాట్ వాళ్లు ఒకసారి వచ్చి చెప్పి వెళ్లారు. అమ్మిన వ్యక్తి ‘పట్టించుకోకండి, మూడు రోజులు ఏడ్చి అదే ఊరుకుంటుంది, మరీ గోల చేస్తే క్రేట్ మీద కర్రతో కొట్టండి’ అన్నాడు. మీ అత్తగారు బాల్కనీలో కట్టేయమంటున్నారు. వీటిలో ఏది చేయాలని మీరు అడిగారు.

రెండూ వద్దు. ఈ రాత్రే క్రేట్‌ను మీ మంచం పక్కకు తెచ్చుకోండి. పడుకుని చెయ్యి కిందికి వేస్తే వేళ్లు ఊచలకు తగిలేంత దగ్గరగా పెట్టండి. వీలైతే మొదటి నాలుగైదు రాత్రులు మీరే కింద పరుపు వేసుకుని దాని పక్కన పడుకోండి. ఏళ్లుగా ఇళ్లలోకి కొత్తగా వచ్చిన కుక్కపిల్లలను చూస్తున్నాను, నా దగ్గరా పెంచుతున్నాను. రాత్రి నిద్ర విషయంలో ఈ ఒక్క మార్పు ఇచ్చినంత ఫలితం ఇంకేదీ ఇవ్వలేదు.

ఎందుకో చెబుతాను. కారణం తెలిస్తే రాత్రి రెండింటికి ఎవరేం చెప్పినా మీరు తడబడరు. నాలుగు రోజుల కిందటి వరకు అది తల్లి పొట్టకు ఆనుకుని, తోబుట్టువుల మధ్య ఇరుక్కుని నిద్రపోయింది. పుట్టాక ఒక్క రాత్రి కూడా ఒంటరిగా లేదు. అమెరికాలోని బార్ హార్బర్‌లో శాస్త్రవేత్త జాన్ పాల్ స్కాట్, ఆయన సహచరులు కుక్కపిల్లల ఎదుగుదలను ఏళ్ల తరబడి గమనించారు. పిల్లను ఒంటరిగా ఉంచినప్పుడు వచ్చే అరుపు 6, 7 వారాల వయసులో తీవ్రంగా ఉంటుందని, తెలిసిన చోటులో కన్నా కొత్త చోటులో ఇంకా ఎక్కువని వాళ్లు 1961లో ప్రచురించిన పరిశీలన చెప్పింది. మీ పిల్ల సరిగ్గా ఆ వయసులో ఉంది, సరిగ్గా అలాంటి చోటులో ఉంది. స్కాట్ కూడా పాలుపంచుకున్న మరో ప్రయోగం 1977లో వెలువడింది. అందులో ఒంటరిగా ఏడుస్తున్న పిల్లలకు ఆహారం, బొమ్మలు, ఇతర కుక్కలు, మనిషి, ఇలా ఒక్కొక్కటి అందుబాటులో ఉంచి చూశారు. ఆహారం పెద్దగా ఊరట ఇవ్వలేదు. అన్నింటికన్నా బాగా ఏడుపు ఆపింది మనిషి దగ్గర ఉండటమే.

అందుకే హాల్లో క్రేట్ నిండా బొమ్మలు, బిస్కెట్లు పెట్టినా మీకు ఫలితం కనిపించలేదు. అది మొండితనంతో ఏడవడం లేదు, మిమ్మల్ని లొంగదీసుకోవాలనీ చూడటం లేదు. ఒంటరిగా మిగిలిపోయానని పిలుస్తోంది. ‘ఏడ్చి ఊరుకుంటుంది’ అనే మాట పూర్తిగా అబద్ధం కాదు, అలసిపోయి ఊరుకునే పిల్లలు ఉంటాయి. కానీ ఊరుకోవడం వేరు, క్రేట్‌లో నిశ్చింతగా నిద్రపోవడం వేరు. భయంతో ఊరుకున్న పిల్ల మరుసటి రోజు క్రేట్ తలుపు చూడగానే వెనక్కి లాగుతుంది. కర్రతో కొట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు. అప్పటికే భయపడుతున్న పసిదాన్ని అది పారిపోలేని చోట ఇంకా భయపెట్టడం అది.

వయసు గురించి ఒక మాట. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా మన దగ్గర 35, 40 రోజులకే చేతులు మారిపోతున్నాయి. మీరు తెచ్చింది తల్లి ఉన్న ఇంటి నుంచి అయితే, ఆ ఇల్లు శుభ్రంగా ఉంటే, ఇంకో పది పదిహేను రోజులు తల్లి దగ్గరే ఉంచుతారేమో అడగండి. ఒప్పుకుంటే పిల్లకు అంతకన్నా మేలు లేదు. దుకాణం నుంచి తెచ్చి ఉంటే మాత్రం వెనక్కి పంపకండి. అక్కడ తల్లి ఉండదు, జబ్బులు ఉంటాయి. ఈ వయసు పిల్లకు కాస్త ఎక్కువ ఓపిక కావాలని మాత్రం గుర్తుంచుకోండి. 8 వారాల పిల్లకు రాసిన లెక్కలు దీనికి ఇప్పుడే వర్తించవు.

ఇప్పుడు క్రేట్. పిల్ల లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత చోటు చాలు. పెద్దయ్యాక లాబ్రడార్‌కు సాధారణంగా 42 అంగుళాల క్రేట్ కావాలి. మీరు ముందే పెద్దది కొన్నారు కాబట్టి దాంతో వచ్చే అడ్డుపలకను బిగించి లోపలి చోటు తగ్గించండి. కుక్కలకు పడుకునే చోటును పాడు చేయకూడదనే స్వభావం సహజంగానే ఉంటుంది. క్రేట్ మరీ పెద్దదైతే ఒక మూల మూత్రం పోసి ఇంకో మూల హాయిగా పడుకుంటుంది, మీరు ఆధారపడుతున్న ఆ స్వభావమే చెడిపోతుంది. పిల్ల మెడకు బెల్టు ఉంటే లోపల పెట్టేముందు తప్పకుండా తీసేయండి. ఊచలకు చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

లోపల పరవడానికి ఖరీదైన పరుపులు ఇప్పుడు వద్దు, కొరికి పీకి మింగుతాయి. పాత నూలు చీరను మడతలు పెట్టి వేయండి. తల్లి దగ్గర పరిచిన గుడ్డ ముక్క ఏదైనా అడిగి తెచ్చుకోగలిగితే మరీ మంచిది, ఆ వాసన చాలా సాయం చేస్తుంది. అది దొరక్కపోతే మీరు ఒకరోజు కట్టుకున్న పాత బట్ట వేయండి, ఉతకకుండా.

క్రేట్ మీద దుప్పటి కప్పమని విదేశీ వీడియోలన్నీ చెబుతాయి. మన వాతావరణానికి దాన్ని మార్చుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేసవి రాత్రి మందపాటి దుప్పటి నాలుగు వైపులా కప్పితే లోపల గాలి ఆడదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, ఎక్కువగా వగర్చడం ద్వారానే వేడి బయటికి పంపుకోవాలి. కాబట్టి పల్చటి నూలు చీర ఒకటి, మూడు వైపులకే వేయండి. మీ వైపున్న ముఖం తెరిచి ఉంచండి, మీరు కనిపించాలి. ఫ్యాన్ గాలి తగిలేలా చూడండి. ఏసీ వేసుకుంటే చల్లదనం నేల దగ్గర ఎక్కువగా ఉంటుందని, పిల్ల ఉండేది అక్కడేనని మరవకండి. 26 డిగ్రీల కన్నా తగ్గించకుండా క్రేట్ కింద ఒక బొంత వేయండి. కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా లేకపోతే పైన కప్పిన చీరను వెంటనే తీసేయండి. దోమలకు కాయిల్ వెలిగించి క్రేట్ పక్కన పెట్టకండి, పొగంతా దాని ముఖానికే కొడుతుంది. పసిపాపల మీద బోర్లించే చిన్న దోమతెరలు దొరుకుతాయి, క్రేట్‌కు అవి చక్కగా సరిపోతాయి. తెరను మాత్రం ఊచల్లోంచి నోటికి అందకుండా దూరంగా లాగి ఉంచండి.

చీమల సంగతి ఎవరూ చెప్పరు గానీ మన ఇళ్లలో ఇది నిజమైన సమస్య. పగలు క్రేట్‌లో పెట్టిన తిండి తాలూకు పొడి రాత్రికి చీమల్ని పిలుస్తుంది. అకస్మాత్తుగా కెవ్వుమని లేచి ఒళ్లు గీరుకుంటోందంటే లైటు వేసి పరిచిన గుడ్డల కింద చూడండి. సాయంత్రం ఒకసారి గుడ్డలన్నీ దులిపి, ట్రే తడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకోండి. ఫినాయిల్‌తో కాదు. పిల్ల ఆ ట్రేను నాకుతుంది, పాదాలు నాకుతుంది. మూత్రం పోసిన చోట కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి ఆరబెడితే చాలు.

రాత్రి నిద్రకు పునాది పగలే పడుతుంది, ఇది మీరు చేయని పని అనుకుంటున్నాను. ఇప్పటిదాకా మీ పిల్లకు క్రేట్ అంటే ఒకటే అర్థం: రాత్రయింది, దీపాలు ఆరిపోయాయి, అందరూ వెళ్లిపోయారు. ఆ అర్థాన్ని మార్చాలి. పగలు క్రేట్‌ను మీరు ఎక్కువగా తిరిగే చోట తలుపు తెరిచి ఉంచండి. మూడు పూటలో నాలుగు పూటలో పెట్టే తిండి అంతా లోపలే పెట్టండి, మొదట గడప దగ్గర, తర్వాత మధ్యలో, తర్వాత చివర. మధ్యమధ్య అది చూడనప్పుడు దాని తిండి గింజలు రెండు లోపల వేసి ఊరుకోండి, తనే కనుక్కుని లోపలికి వెళ్తుంది. చేత్తో నెట్టి లోపల పెట్టకండి. రెండో రోజో మూడో రోజో తింటున్నప్పుడు తలుపు మెల్లగా మూసి, తినడం అయ్యేలోపే తెరవండి. తర్వాత తిన్నాక కొన్ని క్షణాలు, తర్వాత నిమిషం, తర్వాత మీరు పక్కనే కూర్చుని పుస్తకం చదువుకుంటూ అయిదు నిమిషాలు. లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలో ఉప్పు వేయని పెరుగన్నం కొంచెం కూరి ఫ్రీజర్‌లో గట్టిపరిచి ఇస్తే చాలాసేపు నాకుతూ ఉంటుంది. నాకడం, నమలడం పిల్లను నెమ్మదిపరుస్తాయి. ముందు ఒక చెంచాడు పెరుగు పెట్టి విరేచనాలు కావడం లేదని చూసుకోండి. ఉడికించిన ఎముకలు మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి, పెచ్చులుగా విరిగి గొంతులోనో పేగులోనో దిగుతాయి.

పగలు నిద్రపోనివ్వకుండా ఆడిస్తే రాత్రి బాగా పడుకుంటుందని మీరు రాశారు. చాలామంది ఇదే అనుకుంటారు, దీనివల్ల రాత్రులు ఇంకా పాడవుతాయి. ఈ వయసు పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోవాలి. సాయంత్రం ఆరు, ఏడింటికి పిచ్చెక్కినట్టు పరుగెత్తడం, చేతులు, చీర కొంగులు పట్టి కొరకడం చూస్తున్నారా? అది ఎక్కువైన హుషారు కాదు, నిద్ర చాలక వచ్చిన చిరాకు. గంట మెలకువగా ఉంటే ఆ తర్వాత ఒకటి రెండు గంటలు పడుకోనివ్వండి, అదీ వీలైనంతవరకు క్రేట్‌లోనే, తలుపు తెరిచి, మీరు అక్కడే ఉండి. పగటి నిద్రల్లో క్రేట్ అలవాటైతే రాత్రి సగం పని అయిపోయినట్టే.

ఇక రాత్రి. ఆఖరి భోజనం ఏడు, ఏడున్నరకు పెట్టేయండి. పాలు వద్దు. ఆవు పాలైనా గేదె పాలైనా ఈ వయసులో చాలా పిల్లలకు అరగవు, విరేచనాలవుతాయి, విరేచనాలైతే నిద్ర ఎవరికీ ఉండదు. నీళ్ల గిన్నె పడుకోవడానికి గంట ముందు తీస్తే చాలు. ఎండాకాలంలో అదీ వద్దు, ఆఖరిసారి బయటికి తీసుకెళ్లేముందు కాసిని నీళ్లు తాగనివ్వండి. రాత్రిలో ఒకసారి అదనంగా లేవాల్సి వస్తుంది, లేవండి. తొమ్మిది తర్వాత ఉరుకులాట వద్దు. పదిన్నర, పదకొండుకు మూత్రానికి తీసుకెళ్లి, పని పూర్తయ్యేదాకా ఆగి, నేరుగా క్రేట్‌లోకి.

పిల్ల ఎంతసేపు ఆపుకోగలదనేదానికి ఒక మోటు లెక్క ఉంది: ఎన్ని నెలల వయసో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలలకు మూడు గంటలు, మూడు నెలలకు నాలుగు. మీ పిల్లకు రెండున్నర గంటలు అనుకోండి. అంటే ఇప్పుడు రాత్రి రెండుసార్లు లేవక తప్పదు. ఇక్కడ చాలామంది చేయని పని ఒకటి చెబుతాను. పిల్ల ఏడ్చాక లేవకండి, ఏడవకముందే లేవండి. అలారం ఒంటిగంటకు, మళ్లీ మూడున్నరకు పెట్టుకోండి. ఫోను అలారం దిండు కింద మెల్లగా అదిరేలా పెడితే పిల్ల ఉలిక్కిపడదు. పెద్ద లైటు వేయకుండా, మాట్లాడకుండా, ఎత్తుకుని తీసుకెళ్లండి. నడిపిస్తే దారిలోనే పోసేస్తుంది. పని అవగానే ‘మంచి పిల్ల’ అని ఒక్కమాట మెల్లగా, వెంటనే వెనక్కి. ఆట లేదు, తిండి లేదు. మీరే ముందు లేస్తే రెండు లాభాలు: క్రేట్ పాడవదు, ‘ఏడిస్తే తలుపు తెరుచుకుంటుంది’ అనే పాఠమూ అది నేర్చుకోదు. నాలుగైదు రాత్రులు పొడిగా గడిచాక అలారాన్ని పావుగంట, తర్వాత అరగంట ఆలస్యంగా మోగేలా జరపండి. లాబ్రడార్ లాంటి జాతులు నాలుగు నెలలు వచ్చేసరికి చాలావరకు ఆరేడు గంటలు ఆగుతాయి. పామరేనియన్, షిహ్ త్జూ లాంటి చిన్న జాతులకు ఇంకొంత కాలం పడుతుంది.

మీది మూడో అంతస్తు. రాత్రిళ్లు లిఫ్టులో కిందికి దించి వీధి కుక్కలు తిరిగే చోట వదలకండి. టీకాలు పూర్తి కాని పిల్లకు, పేగులను దెబ్బతీసే పార్వో వైరస్ ప్రాణాంతకం, అది మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. టీకాలు 6 నుంచి 8 వారాల మధ్య మొదలై, 3, 4 వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు వచ్చేదాకా సాగుతాయి. అప్పటిదాకా బాల్కనీలో ఒక మూల వెడల్పాటి ట్రే పెట్టండి. అందులో నర్సరీలో అమ్మే పచ్చిక పలక పరిస్తే పాదాలకు గడ్డి స్పర్శ అలవాటవుతుంది, తర్వాత కిందికి మార్చడం సులువు. గడ్డి దొరక్కపోతే పాత వార్తాపత్రికలు చాలు. బాల్కనీ ఊచల మధ్య సందుకు వల కట్టారో లేదో చూడండి, 45 రోజుల పిల్ల ఆ సందులో పడుతుంది.

ఇంత చేసినా మొదటి రాత్రి కొంత ఏడుస్తుంది. ఏడుపులన్నీ ఒకటి కావు, వినగా వినగా మీకే తెలుస్తుంది. లోపల పెట్టగానే సన్నగా, ఆగి ఆగి మూలుగుతుంటే అది సర్దుకోవడం. ఊచల్లోంచి రెండు వేళ్లు పెట్టి ఊరుకోండి, మాట్లాడకండి, తలుపు తీయకండి. కాసేపటికి మీ వేళ్ల మీద ముక్కు ఆనించి పడుకుంటుంది. రెండు గంటలు నిశ్శబ్దంగా నిద్రపోయి ఉన్నట్టుండి పదునుగా అరిచి, లేచి గుండ్రంగా తిరుగుతుంటే అది మూత్రమే, ఆలోచించకుండా ఎత్తుకెళ్లండి. మూడోది ఇంకో రకం. ఆగకుండా కేకలు, ఊచలు కొరకడం, నోటి వెంట చొంగ, ట్రేను గీరడం, క్రేట్‌లోనే మలం పోసి తొక్కడం. అది భయాందోళన. దాన్ని అలా వదలకూడదు, అలవాటు పడటానికి బదులు ముదురుతుంది. తలుపు తెరిచి బయటికి తీయండి. అలాంటి పిల్లకు కొన్నాళ్లు మూసిన క్రేట్ వద్దు. మీ మంచం పక్కనే చిన్న మడత కంచె కట్టి, లోపల తలుపు తెరిచిన క్రేట్ పెట్టి పడుకోబెట్టండి. వీధిలో పుట్టి పెరిగిన దేశవాళీ పిల్లల్లో, దుకాణాల్లో జాలీ బోనుల్లో రోజుల తరబడి ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా చూశాను. మొదటివాటికి మూసిన చోటంటేనే తెలియదు. రెండోవాటికి బాగా తెలుసు, అందుకే భయం.

మీ మామగారు ‘కుక్కను బోనులో పెట్టడం పాపం కాదా’ అన్నారట. ఆ మాటను కొట్టిపారేయకండి. స్వీడన్‌లో ఇంట్లో కుక్కను మూసిన క్రేట్‌లో ఉంచడానికి చట్టం ఒప్పుకోదు, ఫిన్లాండ్‌లోనూ అలాంటి ఆంక్షలే ఉన్నాయి. అక్కడివాళ్లు గదికి అడ్డు కంచె పెట్టి ఇదే నిద్ర నేర్పుకుంటారు. నా అభిప్రాయం ఇది: రాత్రి మనిషి పక్కన, మూత్రానికి లేపుతూ, కొన్ని నెలలపాటు వాడే క్రేట్ పిల్లకు రక్షణ. వైర్లు కొరకదు, మాత్రలు మింగదు, చీకట్లో కాళ్ల కింద పడదు. రోజంతా తాళం వేసి వదిలే క్రేట్ శిక్షే. తేడా క్రేట్‌లో లేదు, గంటల్లో ఉంది. ఆయనను పగలు ఒకసారి పక్కన కూర్చోబెట్టి పిల్ల తనంతట తాను లోపలికి వెళ్లి పడుకోవడం చూపించండి. అత్తగారికి మాత్రం బాల్కనీలో గొలుసుతో కట్టడం ఎందుకు వద్దో నెమ్మదిగా చెప్పండి. అక్కడ అది ఇంకా ఒంటరి, అరుపు నేరుగా అపార్ట్‌మెంట్ అంతటికీ వినిపిస్తుంది, గొలుసు మెడకు చుట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

కింది ఫ్లాట్ వాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి, వాళ్లు మళ్లీ రాకముందే. ‘పిల్ల కొత్తగా వచ్చింది, క్రేట్‌ను గదిలోకి మార్చాం, ఇంకో వారం పది రోజులు కాస్త ఓర్చుకోండి’ అని చెప్పండి. చెప్పి చేసిన చప్పుడును మనుషులు చాలావరకు భరిస్తారు. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది, ఎవరైనా కుక్కను తీసేయమని ఒత్తిడి చేస్తే అది మీకు పనికొస్తుంది. కానీ నిద్ర చెడిన ఇంటివాళ్ల ముందు నిబంధనలతో మాట మొదలుపెట్టకండి.

తెల్లవారుజామున అయిదింటికి పాలవాడి గంటకో, గుడి మైకుకో లేచి ఇక పడుకోకపోతే దాన్ని కూడా మూత్రపు లేపులాగే చూడండి: బయటికి, వెనక్కి, చీకటి. లేవగానే తిండి గిన్నె పెట్టారంటే రేపు నాలుగున్నరకే లేస్తుంది. లేచిన అరగంట తర్వాత పెట్టండి.

అన్నీ సరిగ్గా చేస్తున్నా గంటగంటకూ లేస్తుంటే ఒంట్లో ఏదో ఉందేమో చూడాలి. చుక్కలు చుక్కలుగా పదే పదే మూత్రం పోయడం, పొట్ట ఉబ్బి ఉండటం, మలంలో పురుగులు, చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు, ఇవన్నీ నిద్ర చెడగొట్టేవే. పురుగుల మందు ఈ వయసులో రెండు వారాలకొకసారి పడాలి, పశువైద్యుడు బరువు చూసి మోతాదు చెబుతారు. మీరు తెచ్చాక ఒక్కసారి కూడా చూపించలేదని రాశారు, రేపే తీసుకెళ్లండి. వాంతులు, రక్తంతో విరేచనాలు, తిండి మానేసి నీరసంగా పడి ఉండటం కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రి వెతకండి. పార్వో అయితే గంటలు కూడా లెక్కే.

క్రేట్ మళ్లీ హాల్లోకి ఎప్పుడు వెళ్లవచ్చని అడిగారు. వరుసగా రెండు వారాలు ఏడుపు లేకుండా పడుకున్నాక మొదలుపెట్టండి. మంచం పక్క నుంచి గది మధ్యకు, అక్కడ మూడు నాలుగు రాత్రులు, తర్వాత తలుపు దగ్గరకు, తర్వాత తలుపు బయటకు, మీ గది తలుపు తెరిచి ఉంచి. ఏ చోట ఏడిస్తే అక్కడి నుంచి ఒక అడుగు వెనక్కి తెచ్చి ఇంకొన్ని రోజులు ఆగండి. గదిలోనే ఉంచేసుకున్నా నష్టమేమీ లేదు, చాలామంది ఉంచుకుంటారు.

ఇద్దరూ ఆఫీసుకు వెళ్లే తొమ్మిది గంటలూ క్రేట్‌లో పెట్టవచ్చా అన్నది మీ ఆఖరి ప్రశ్న. పెట్టకూడదు. రెండున్నర గంటలకు మించి ఆపుకోలేని పిల్లను తొమ్మిది గంటలు మూస్తే రాత్రిళ్లు మీరు నేర్పినదంతా పగళ్లు తుడిచేస్తాయి. ఇంట్లో అత్తగారు, మామగారు ఉన్నారు కదా, వాళ్లు చూసుకోగల గంటలు ఎన్నో ముందు తెలుసుకోండి. మిగతా సమయానికి హాల్లో కంచె కట్టి, ఒక మూల తెరిచిన క్రేట్, ఇంకో మూల కాగితాలు, నీళ్లు పెట్టండి. మొదటి నెల మీలో ఒకరు మధ్యాహ్నం ఇంటికి వచ్చి వెళ్లే ఏర్పాటు చేసుకోండి.